పిస్తోలు అసలుదే, మరి కథ?

హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడలో ఏ వర్క్‌షాపుకు వెళ్లినా ఒకటే పాఠం: వంద మరలు చేస్తే వందా ఒకేలా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ మర చెత్తబుట్ట పాలే. అదే పనివాడి చేతికి రెండు వందల ఏళ్ల నాటిదని చెప్పే పిస్తోలు ఇస్తే లెక్క తిరగబడుతుంది. అందులో రెండు మరలు అచ్చుగుద్దినట్టు ఉంటే అనుమానం అక్కడే మొదలవ్వాలి.

ఇలాంటి పిస్తోళ్ల కథలు ఈ వైపు వినిపించడంలో వింత లేదు. టిప్పు సుల్తాన్ మీద జరిగిన మూడో మైసూరు యుద్ధంలో, 1791 జూలైలో, బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సేనలు హోసూరును, ఆ వెంటనే రాయకోటను పట్టుకున్నాయి. అదే ఏడు నవంబరులో ఆ సేనల్లోని మాక్స్‌వెల్ దళం కృష్ణగిరి కొండకోట మీదికి ఎగబాకబోయి, దెబ్బతిని వెనుదిరిగింది. 1792 శ్రీరంగపట్నం సంధితో కృష్ణగిరి ఉన్న బారామహల్ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ వశమైంది. కాబట్టి పాత సామాన్ల అంగడిలో ఎవరైనా "టిప్పు కాలంది సామీ, కృష్ణగిరి కోట కింద దొరికింది" అంటే నమ్మబుద్ధి వేస్తుంది. అలాంటి పిస్తోలు ఒకటి మన చేతికి వచ్చిందనుకుందాం. అమ్మేవాడి మాట పక్కన పెట్టి, ఇనుమునే అడుగుదాం.

ముందు వెదురుపుల్ల

ఆ కాలపు పిస్తోలుకు మందు, గుండు మూతి నుంచే దట్టించేవారు. ఏనాడో దట్టించిన మందు ఇంకా లోపలే ఉండవచ్చు. మూతిని ఎవరి వైపూ తిప్పకుండా, సన్నని వెదురుపుల్లను గొట్టంలోకి ఆగేదాకా నెమ్మదిగా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టాలి. పుల్లను బయటికి తీసి, ఆ గుర్తును మూతికి సరిపెట్టి గొట్టం పక్కన ఆనిస్తే, కొన దాదాపు రంజకపు రంధ్రం (లోపలి మందుకు నిప్పు చేరే చిన్న కన్నం) దాకా రావాలి. ఆ రంధ్రానికి రెండు వేళ్ల ఇవతలే ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్టే. ఇక దాన్ని కెలకకూడదు, పోలీసులకు చెప్పాలి.

నిప్పు రాసిన గుర్తులు

మీట నొక్కితే కొక్కెం కరచుకున్న చెకుముకి రాయి ఉక్కు రేకును గీకుతుంది. రవ్వలు కింది గుంటలోని రంజకం, అంటే నిప్పంటించే మెత్తని మందు, మీద పడతాయి. ఆ మంట చిన్న రంధ్రం గుండా లోపలి మందుకు అంటుకుంటుంది. పేల్చిన ప్రతిసారీ రేకు మీద నిలువు గీత పడుతుంది. వేడి వాయువులకు అంచులు అరిగి రంధ్రం వెడల్పవుతుంది. అలంకారానికి చేసిన నకిలీలో రంధ్రం లోపలిదాకా ఉండకపోవచ్చు, రేకు మెత్తని ఇనుము కావచ్చు. మెత్తని ఇనుము సరిగా రవ్వలు రాల్చదు.

తర్వాత మరలు. 18వ శతాబ్దంలో వాటిని చేత్తోనే తీర్చేవారు కాబట్టి ఒక రంధ్రంలోని మర పక్క రంధ్రానికి సరిగా పట్టదు. మర చుట్లకు ఒక ప్రమాణం ఉండాలని విట్‌వర్త్ ప్రతిపాదించింది 1841లో. లోపలి పలకల మీద ఆకురాయి గీతలు అటూ ఇటూ పడి ఉండాలి, వరుసగా వంపు తిరిగిన మిషను గీతలు కాదు. అయితే మరమ్మతులో మర మారి ఉండవచ్చు, ఒక్క కొత్త మరను చూసి తీర్పు చెప్పకూడదు.

అసలుదాని నుంచి అచ్చు తీసి పోత పోసిన నకళ్లను పట్టుకోవడానికి వెర్నియర్ కాలిపర్ చాలు. కరిగిన లోహం చల్లారేటప్పుడు ఒకటి రెండు శాతం ముడుచుకుంటుంది. 200 మిల్లీమీటర్ల భాగం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు తగ్గుతుంది. అక్షరాల అంచులూ మొద్దుబారతాయి.

ప్రయోగశాల ఏం చెబుతుంది?

నాటి గొట్టాలు సుత్తితో సాగదీసిన ఇనుముతో చేసినవి. సూక్ష్మదర్శినిలో చూస్తే కొలిమి చిట్టెం సన్నని దారాల్లా పరుచుకుని కనిపిస్తుంది. 1856లో వచ్చిన బెస్సెమర్ పద్ధతి తర్వాతి ఉక్కులో అవి ఉండవు.

ఇత్తడి దగ్గర జాగ్రత్త కావాలి. ఐరోపా పాత పద్ధతి ఇత్తడిలో జింక్ సాధారణంగా 30 శాతం ప్రాంతం దాటదు, అందుకే ఎక్కువ జింక్ కనిపిస్తే అక్కడివారు అనుమానిస్తారు. కానీ రాజస్థాన్‌లోని జావర్‌లో జింకును శతాబ్దాల ముందే స్వేదనం చేసి తీసేవారు. ఆ కొలబద్దతో మనవాళ్లు చేసిన పిస్తోలును నకిలీ అనలేం.

పిడి కొయ్యకు కార్బన్ పరీక్ష చేస్తే? 1650 నుంచి 1950 దాకా ఆ గడియారం గజిబిజిగా తిరుగుతుంది, ఏ దశాబ్దమో తేల్చదు. అణుపరీక్షల వల్ల 1963 నాటికి గాలిలో రేడియో కార్బన్ దాదాపు రెట్టింపైంది గనుక, ఆ కాలంలో పెరిగిన కొయ్య మాత్రం దొరికిపోతుంది.

తుప్పూ సాక్షే. పాతది ముదురు గోధుమ రంగులో లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఉప్పు, ఆమ్లం పూసి తెప్పించినది నారింజ రంగులో గుడ్డకు అంటుకుంటుంది. అందుకే చింతపండు పెట్టి తోమి తళతళలాడించడమంటే సాక్షి నోరు నొక్కడమే.

సింహం చెప్పిన మాట

మన పిస్తోలు ఈ పరీక్షలన్నీ గట్టెక్కిందనుకుందాం. ఇక ముద్ర. కొక్కెం, రేకు బిగించిన లాక్ పలక మీద ముందుకాళ్లు ఎత్తి నిలబడ్డ సింహం ఉంది. ఈస్టిండియా కంపెనీ ఆయుధాల మీద మొదట ఉన్నది నాలుగు గళ్ల హృదయం గుర్తు. సింహం వచ్చింది 1808 ప్రాంతంలో. అంటే కృష్ణగిరి మీదికి మాక్స్‌వెల్ ఎగబాకబోయిననాడు ఈ పిస్తోలు పుట్టనే లేదు. టిప్పు కార్ఖానాలదైతే పులిచారల నగిషీ ఉండే అవకాశం ఎక్కువ. ఆయన ప్రవేశపెట్టిన మౌలూదీ శకపు సంవత్సరాల అంకెలైతే కుడి నుంచి ఎడమకు చదవాలి, ఆయన నాణేల మీద కనిపించేదీ అదే.

అయితే ఇది నకిలీయా? కాదు. పిస్తోలు అసలుదే, దానికి తగిలించిన కథే నకిలీ. కథను నిలబెట్టేది దొరికిన చోటు. 2018లో శివమొగ్గ జిల్లా నగరలో ఒక ఎండిన బావి నుంచి టిప్పు కాలపు రాకెట్లు వెయ్యికి పైగా బయటపడినప్పుడు, ఆ బురదే మందు వాసన వేసింది. ఆ చోటే వాటికి సాక్ష్యమైంది.

అందుకే పొలం దున్నుతుండగా ఇలాంటిది తగిలితే చోటు గుర్తుపెట్టి, ఫొటో తీసి, కలెక్టరుకు తెలియజేయాలి. కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టమూ అడుగుతుంది. అంగడి చేరాక ఆ మట్టి రాలిపోతుంది. మిగిలేది ఇనుమూ, అమ్మేవాడి మాటా.