తెరపై పాఠం.. చెట్టుపై కొంగ
పక్షుల చిత్రలేఖనం ఆన్‌లైన్‌లో నేర్చుకోదలచిన వారికి..

ఎచ్చెర్ల: కొంగ బొమ్మ గీయమంటే చాలామంది ఒకే తీరున గీస్తారు. కోడిగుడ్డు వంటి ఒళ్లు, వంకీ తిరిగిన మెడ, దబ్బనంలా నిటారైన ముక్కు, వెనక్కు మడిచిన మోకాలు. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచి చెట్లపై గూళ్లు కట్టే కొంగలను చూస్తే, పెద్ద కొంగల్లో ఒక్కదానికీ అటువంటి ముక్కు కనిపించదు. ఇక వెనక్కు మడిచినట్లు కనిపించేది మోకాలే కాదు, చీలమండ. అసలు మోకాలు ఈకల మాటున దాగి ఉంటుంది. మనసులో ఉన్న కొంగను పక్కన పెట్టి ఎదుట ఉన్న కొంగను గీయడమే పక్షి చిత్రలేఖనంలో తొలి పాఠం.

సాధారణ డ్రాయింగు తరగతుల్లో అరుదుగా దొరికే ఈ పాఠం, ఇప్పుడు సెల్‌ఫోన్‌ ఉన్న ప్రతి ఇంటికీ అందుబాటులో ఉన్నది. 2020 నాటి కరోనా లాక్‌డౌన్ల కాలంలో బాగా విస్తరించిన ఆన్‌లైన్‌ కార్యశాలలు తర్వాత కూడా కొనసాగుతున్నాయి. అంబేడ్కర్‌ విశ్వవిద్యాలయం, ఎస్‌.ఎం.పురం ట్రిపుల్‌ ఐటీ ఉన్న ఎచ్చెర్ల మండలంలో విద్యార్థులకు ఇది అక్కరకు వచ్చే విద్యే. జీవశాస్త్రం చదివేవారికి మరీను.

ఎలా సాగుతుంది?
శిక్షకుడు తన కాగితంపైకి కెమెరాను వంచి పెట్టి గీస్తూ పోతాడు. చూసేవారు తమ ఇంట్లో కూర్చుని వెంట గీస్తారు. చివరలో ఎవరి బొమ్మను వారు తెరకు చూపితే తప్పొప్పులు చెబుతారు. అమెరికాలోని కార్నెల్‌ పక్షిశాస్త్ర పరిశోధనశాల రుసుముతో కూడిన కోర్సులను నడుపుతున్నది. పక్షుల చిత్రణపై 2012లో పుస్తకం వెలువరించిన కాలిఫోర్నియా చిత్రకారుడు జాన్‌ మ్యూర్‌ లాస్‌ పాఠాలు ఉచితంగానే లభిస్తున్నాయి. అక్కడ వేసవి సాయంత్రం 6 గంటలకు మొదలయ్యే తరగతి మనకు మరునాటి ఉదయం 6.30 గంటలకు వస్తుంది. పిట్టలు కూసే వేళ కనుక ఒక విధంగా మేలే. వీడియో నాణ్యతను బట్టి గంట పాఠానికి అర జీబీ నుంచి ఒక జీబీ వరకు డేటా ఖర్చవుతుంది.

ఒక హెచ్‌బీ పెన్సిలు, ఒక 2బీ పెన్సిలు, రబ్బరు, గీతలు లేని నోటుపుస్తకం చాలు. రంగుల పెట్టెలు తొలినాళ్లలో అక్కరలేదు. ధ్రువపత్రం కోసం మాత్రమే రుసుము చెల్లించడం దండగ. ఉచిత పాఠాలతో నెల రోజులు చేయి తిరిగిన తర్వాత రుసుము సంగతి ఆలోచించవచ్చు.

ముందు వాలు.. ఆఖరున ఈకలు
కొత్తవారు కంటితోనో, ముక్కుతోనో మొదలుపెట్టి చివరకు తోకకు కాగితం చాలక ఇబ్బంది పడతారు. పద్ధతి వేరు. పక్షి ఒళ్లు ఎటు వాలి ఉన్నదో ఆ వాలును ఒకే గీతగా గీయాలి. నిటారుగా నిలిచిందా, ముందుకు ఒంగిందా అన్నది ఆ ఒక్క గీతతో తేలిపోవాలి. దానిపై ఒంటికి ఒక గుడ్డు, తలకు ఒక సున్నా. తల వంటివి ఎన్ని కలిస్తే ఒళ్లు అవుతుందో పెన్సిలు అడ్డంగా పట్టి కొలుచుకోవాలి. తల చిన్నదైతే పక్షి పెద్దదిగాను, తల పెద్దదైతే పిల్లగాను కనిపిస్తుంది.

తర్వాత మెడ ఒంటితో కలిసే చోట, తోక మొదలయ్యే చోట, కాళ్లు దిగే చోట కోణాలను గమనించాలి. గుండ్రంగా సాగే గీతలను అక్కడ తిన్నని గీతలతో చెక్కినట్లు కోయాలి. బొమ్మ పిట్టగా మారేది ఇక్కడే. ముక్కు గీత కంటికి సూటిగా వస్తున్నదా, దిగువగా పోతున్నదా అని చూసిన తర్వాతే కన్ను పెట్టాలి. ఈకలను ఒక్కొక్కటిగా గీయనక్కరలేదు. భుజంపై కప్పుకున్నవి, రెక్కను కప్పేవి, ఎగరడానికి పనికివచ్చే పొడవైనవి అంటూ గుంపులుగా చూస్తే సరిపోతుంది. పాలపిట్టను చూడండి. తీగపై కూర్చున్నప్పుడు గోధుమ వన్నె పిట్ట. రెక్క విప్పగానే నీలం పట్టీలు బయటపడతాయి. ఏ ఈకల గుంపు ఎక్కడ మడిచి ఉంటుందో తెలిసినవారికే ఆ మార్పు బోధపడుతుంది.

జిల్లా పక్షులే నమూనాలు
ఆన్‌లైన్‌ పాఠాల్లో శిక్షకులు తమ దేశపు పక్షులనే ఎక్కువగా గీస్తారు. పద్ధతి వారిది తీసుకుని పక్షిని మాత్రం మన జిల్లాలో వెతుక్కోవాలి. ఇందుకు మనకు కొరత లేదు.

తేలుకుంచికి వర్షాలతో వచ్చేది నత్తగుల్ల కొంగ. ముక్కు పూర్తిగా మూసినా నడుమ సందు మిగులుతుంది. అడకత్తెరలా ఆ సందులో నత్తను పగులగొడుతుందని ఒకప్పుడు భావించేవారు. నిజానికి గుల్లలోంచి నత్తను లాగే పని ముక్కు కొనది. పిల్లలకు ఈ సందు ఉండదు. కనుక ముక్కును శ్రద్ధగా గీసినవారి కాగితంపై పిల్ల ఏదో, పెద్ద ఏదో వివరణ లేకుండానే తెలిసిపోతుంది.

టెక్కలి మండలం తేలినీలాపురంలో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు గూళ్లు కడతాయి. ఎర్రకాళ్ల కొంగకు ఈకలు లేని నారింజరంగు ముఖం, కొన వద్ద కిందికి వంగిన పసుపు ముక్కు, రొమ్ముపై నల్లని పట్టీ, వెనుక గులాబీ వన్నె ఈకలు ఉంటాయి. గూడబాతు పై ముక్కు అంచున వరుసగా చుక్కలు, కింద సంచి, మెడ వెనుక కుచ్చు కనిపిస్తాయి.

వీటిని సైబీరియా నుంచి వచ్చే పక్షులుగా చెప్పుకోవడం మన జిల్లాలో ఆనవాయితీ. ఈ మూడూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పక్షులే. గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను పెంచేది ఇక్కడి చెట్లపైనే. అతిథులని పిలవడంలో ఆప్యాయత ఉండవచ్చు కానీ, ఇది వాటి పుట్టిల్లు. ఈ చింతలు, తుమ్మలు నరికితే వాటికి వేరే స్వస్థలం ఉన్నదిలే అనుకోవడానికి లేదు.

జెర్డన్‌ నాటి బొమ్మలు
పక్షులను గీయించి శాస్త్రానికి అందించిన చరిత్ర ఈ ప్రాంతానికి కొత్తది కాదు. 1836లో మద్రాసు చేరిన వైద్యుడు థామస్‌ జెర్డన్‌ తొలుత గంజాం ప్రాంతంలోని సైనికులకు చికిత్స చేశాడు. శ్రీకాకుళం నాడు గంజాం జిల్లాలోనే ఉండేది. తరువాత ఆయన నెల్లూరులోనూ పనిచేశాడు. 1843-47 మధ్య మద్రాసులో వెలువడిన ఆయన పక్షుల చిత్రసంపుటిలో 50 బొమ్మలున్నాయి. వాటిలో దేశీయ చిత్రకారుల చేతిపని ఉన్నది. 1862-64 నాటి ‘బర్డ్స్‌ ఆఫ్‌ ఇండియా’ సంపుటాల్లో తెలుగు పేర్లను సైతం ఆయన నమోదు చేశాడు. ఆ కాలంలో బొమ్మే సాక్ష్యం.

సెల్‌ఫోన్‌ ఫొటో ఉండగా నేడు బొమ్మ ఎందుకన్న ప్రశ్న సహజం. ఫొటో క్షణంలో ముగుస్తుంది. గీయడానికి అరగంట చూడాలి. ఆ అరగంటలో గూటికి పుల్ల తెచ్చినది ఏది, పిల్లల నోట మేత పెట్టినది ఏది, ఏ కొమ్మపై ఎన్ని గూళ్లున్నాయన్నది కంటబడుతుంది. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపానుకు జిల్లాలో వేలాది చెట్లు నేలకొరిగాయి. అటువంటి విపత్తు తర్వాత ఏ చెట్టుపై ఎన్ని గూళ్లుండేవో చెప్పగలిగేది ముందే తేదీ వేసి గీసిన కాగితం. అందుకే బొమ్మ పక్కన తేదీ, సమయం, చెట్టు పేరు, గూళ్ల లెక్క తప్పక రాయాలి. బొమ్మ అందంగా రాకపోయినా ఆ నాలుగు మాటలు పనికివస్తాయి.

గూళ్ల కిందికి వెళ్లి గీయరాదు. మనిషి అలికిడికి పెద్దవి లేస్తే గుడ్లు, పిల్లలు కాకుల పాలవుతాయి. దూరం నుంచి బైనాక్యులర్‌తో చూడటమే సరైన పద్ధతి. ఎచ్చెర్లలో ఉండేవారు మొదటి నెల చెరువు గట్లపై తెల్లకొంగలతోను, నీటికాకులతోను, బుడగట్లపాలెం తీరంలో వాలే పిట్టలతోను చేయి అలవాటు చేసుకోవచ్చు. పేరులోనే చిలకను పెట్టుకున్న చిలకపాలెం ఎలాగూ దారిలోనే ఉన్నది. తేలుకుంచి కొంగలను గూళ్లలో చూడాలంటే వర్షాకాలం ముగియకముందే వెళ్లాలి. శీతాకాలం ముదిరితే అక్కడ మిగిలేవి ఖాళీ గూళ్లే. అప్పుడు తేలినీలాపురం వైపు వెళ్లడం మేలు.