ముప్పయి అడుగుల కాపురం

ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని మనవాళ్ళొక సామెత పుట్టించారు. పుట్టించినవాడు మగవాడే అయివుంటాడు. ఆ ఆలిని కూడా అడిగివుంటే మగడిమీద మరొక సామెత తయారయి ఉండేది. అది అలా ఉంచితే, ఇల్లు ఇరుకైతే కాపురం చెడుతుందన్న భయం మనకందరికీ ఉన్నది. అటువంటప్పుడు ఈ ఇంటి కొలతలు చూడండి: పొడవు 30 అడుగుల 3 అంగుళాలు, నడుమ వెడల్పు 8 అడుగుల 5 అంగుళాలు. రెండు కొసలా సన్నబడిపోతుంది గనుక మనిషి మసలే చోటు అందులో సగం కూడా ఉండదు. పైగా ఆ ఇల్లు రాత్రింబవళ్ళు ఊగుతూనే ఉంటుంది. ఆ ఇంట్లో కాపురముంటూ ఒక జంట భూమండలాన్ని రెండుసార్లు చుట్టివచ్చింది!

వారు ఇంగ్లండుకు చెందిన ఎరిక్ హిస్కాక్, సూసన్ దంపతులు. 1941లో పెళ్ళి చేసుకొన్నారు. వారి తెరచాప పడవ పేరు ‘వాండరర్ 3’. దేశదిమ్మరి అని మనం తెలుగులో పిలుచుకోవచ్చు. జాక్ లారెంట్ గైల్స్ గీసిన నమూనా ప్రకారం ఎసెక్స్ తీరాన దానిని కట్టారు. 1952లో నీళ్ళలోకి దిగింది. ఆ ఏడే బయలుదేరి 1955లో ఇల్లు చేరారు. 1959లో మళ్ళీ బయలుదేరి 1962లో రెండవ చుట్టు ముగించారు. తోడు నావికులెవరూ లేరు. ఆలుమగలిద్దరే.

వారి సాహసం గురించి చెప్పినవారు చాలామంది ఉన్నారు. నాకు కలిగిన సందేహాలు మాత్రం ఇల్లాళ్ళకు కలిగేవే. వంట ఎక్కడ? పడక ఎక్కడ? తడిబట్టలు ఎక్కడ ఆరేస్తారు?

వంట మెట్లపక్కనే. కొసలతో పోలిస్తే అక్కడ ఊపు తక్కువ, గాలీ వెలుతురూ ఎక్కువ. కిరసనాయిలు ప్రైమస్ స్టవ్వును రెండు ఇరుసులమీద వేలాడదీస్తారు. పడవ ఎటు ఒరిగినా స్టవ్వు మాత్రం మట్టంగా నిలుస్తుంది. మన అమ్మమ్మల ఉట్టి గుర్తుకు రావడం లేదూ? అది ఎటు ఊగినా అందులోని పెరుగు ఒలకదు గదా! బల్ల చుట్టూ అంగుళం ఎత్తున చెక్కగట్టు కడతారు. లేకపోతే పళ్ళేలు ఒడిలోకి వస్తాయి. గుడ్లకు వాజలైను పూసి దాచుకొంటారు. గాలి సోకక వారాల తరబడి నిలుస్తాయి. డబ్బాలకుండే కాగితాలు ముందే పీకేసి, పైన రంగుతో గుర్తులు రాసుకోవాలి. పడవ అడుగున నీరు చేరితే కాగితాలన్నీ ఊడిపోతాయి. అప్పుడు కూరకోసం డబ్బా తెరిస్తే మిఠాయి పండ్లు వస్తాయి!

మంచినీళ్ళకు లెక్క ఉన్నది. మనిషికి రోజుకు అర గాలను, అంటే రెండుంబావు లీటర్లు. తాగడం, వండడం అన్నీ అందులోనే. స్నానం సముద్రపు నీటితో. వానొస్తే తెరచాప కింద బకెట్టు పెట్టి పట్టుకోవడం. ఇటువంటి పడవ రోజుకు నూరు మైళ్ళ చిల్లర నడుస్తుంది. అట్లాంటిక్ దాటడానికి నాలుగు వారాలు పట్టవచ్చు. కుళాయి విప్పి వదిలేసే చెయ్యి అక్కడ పనికిరాదు.

పడక సంగతి నన్ను ఆశ్చర్యపరచింది. విశాలమైన మంచముంటే సుఖమని మనమనుకొంటాం. ఊగే పడవలో విశాలమైన మంచం శత్రువు. రాత్రంతా ఈ గోడకూ ఆ గోడకూ దొర్లడమే పని. అందుకని ఒంటికి సరిపోయేంత సన్నని పడక, పక్కన జారకుండా ఊయలలాగా బిగించిన గుడ్డ. ఆ గుడ్డలో ఒదిగితేనే నిద్ర. వానాకాలంలో మన వంటింట్లో ఉప్పుడబ్బా చెమ్మగిల్లుతుంది చూశారా? సముద్రపు నీట తడిసిన బట్ట కూడా అంతే. ఎండలో ఆరినట్టే ఉంటుంది గాని, రాత్రికి గాలిలోని తేమనంతా పీల్చి మళ్ళీ తడుస్తుంది. అందుకే తడి కోటుతో ఎవరూ పడకమీద కూర్చోరాదు. మగడైనా సరే, కోటు మెట్లదగ్గర విడిచే లోపలికి రావాలి.

ఇక అసలు సంగతి. ఇరవైనాలుగు గంటలూ ఒకరి మొహం ఒకరు చూసుకొని విసుగెత్తరా అని మనమడుగుతాం. నడిసముద్రంలో వారికి మొహాలు చూసుకొనే తీరికే ఉండదు! ఒకరు చుక్కాని దగ్గర కాపలా ఉంటే రెండవవారు నిద్ర. కొన్ని గంటలకొకసారి వంతు మారుతుంది. ఒకరు లేచిన వెచ్చని పడకలోకి మరొకరు దూరతారు. మాట్లాడుకొనేది ఆ మారే కాసేపే: గాలి ఎటున్నది, ఓడ దీపమేమైనా కనబడిందా, టీ ఉన్నదా. ఎరిక్‌కు చూపు తక్కువ. చీకట్లో ప్రాణాలు సూసన్ చేతిలో పెట్టి ఆయన నిద్రపోవాలి. ఆమె కూడా అంతే. కాపలాలో వాటా ఉండగా, వంటకూడా ఆమెదే అయింది. ఈ పంపకం నాకు అంతగా నచ్చలేదని ఇక్కడే చెప్పేస్తున్నాను.

నిలకడగా వెనుకనుంచి వీచే గాలులున్న చోట మాత్రం ముందువైపు జంట తెరచాపలు చెరొక పక్కకు విప్పి, వాటి తాళ్ళను చుక్కానికి కట్టేవారు. పడవ దారి పక్కకు తప్పితే ఒక తెరచాప ఎక్కువగా లాగి, దానంతటదే సరిదిద్దుకొంటుంది. అప్పుడు ఇద్దరూ ఒకే వేళకు కూర్చుని భోంచేయవచ్చు. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు అదొక విందు!

చిత్రమేమంటే, ఇరుకు తెలిసేది రేవులో. లంగరు వేశాక, వాన పట్టి మూడురోజులు తగ్గకపోతే, కాపలా లేదు, పని లేదు, ఇద్దరూ ఒకే క్యాబిన్లో. అటువంటప్పుడు చిన్న తెప్పపడవ వేసుకొని ఒకరు ఒడ్డుకు కూరలకని వెళ్ళి రావడం మంచిది. కూరలు అవసరం లేకపోయినా సరే.

ఇంకా చిన్న ఇంట్లో కాపురం చేసినవారున్నారు. లిన్, లారీ పార్డీ దంపతులు తమ చేతులతో కట్టుకొని 1968లో నీళ్ళకు దించిన ‘సెరాఫిన్’ పొడవు 24 అడుగుల 4 అంగుళాలే. అందులో ఇంజనే లేదు. ఇంజను ఆక్రమించే చోటంతా సామాను సర్దుకోవడానికి మిగిలింది.

హిస్కాకులు మాత్రం ఒకసారి పెద్దింటికి ఆశపడ్డారు. 1968లో హాలెండులో 49 అడుగుల ఉక్కు పడవ కట్టించుకొని, ‘వాండరర్ 3’ను అమ్మేశారు. పెద్ద పడవకు పెద్ద తెరచాపలు, పెద్ద లంగరు, పెద్ద చాకిరీ. వయసు పైబడినకొద్దీ అది భారమయింది. 1980ల మొదట్లో న్యూజిలాండులో మళ్ళీ కొయ్యపడవే కట్టించుకొన్నారు, పది అడుగులు తగ్గించి. ఎరిక్ 1986లో ఆ దేశంలోనే కన్నుమూశారు.

అమ్ముడుపోయిన ఆ ముప్పయి అడుగుల పాత ఇల్లు ఖాళీగా ఉండలేదు. 1980లలో థీస్ మాట్సెన్ అనే ఆయన కొన్నాడు. తర్వాత కికి ఎరిక్‌సన్ వచ్చి చేరింది. ఇద్దరూ ముప్పయి ఏళ్ళకు పైగా అందులోనే కాపురమున్నారు. 2009 నుంచి 2011 వరకు దక్షిణ ధ్రువంవైపు మంచుకొండల మధ్య, సౌత్ జార్జియా దీవి దగ్గర 26 నెలలు గడిపారు. పడవ అదే, గదులూ అవే.