చలనచిత్ర దర్శకుడు చేసే పని

చలనచిత్రం ప్రారంభంలో తెరమీద సాగే పేర్ల వరుసలో దర్శకుని పేరు సాధారణంగా చిట్టచివర వస్తుంది. రచయిత కథ వ్రాశాడనీ, ఛాయాగ్రాహకుడు కెమెరా నడిపాడనీ, సంగీత దర్శకుడు బాణీలు కట్టాడనీ ఎవరికైనా బోధపడుతుంది. మరి దర్శకుడు చేసినదేమిటి? అతడు తెరమీద కనిపించడు, పాడడు, అనేక సందర్భాల్లో కెమెరాను చేతితో తాకడు. కుర్చీలో కూర్చుండి "స్టార్ట్", "కట్" అని కేకవేసే వ్యక్తిగానే ఎక్కువమంది అతనిని ఊహించుకుంటారు. అతడా మాటలు పలికే మాట నిజమే గాని, వాటికి కొన్ని నెలల ముందే అతని పని ఆరంభమవుతుంది. అవి ముగిసిన తరువాత కూడా కొన్ని నెలలు సాగుతుంది.

ఆ పని స్వరూపం తెలియాలంటే ముందుగా ఒక విషయం గ్రహించాలి. కథ జరిగే వరుసలో చిత్రాన్ని తీయరు. ఒక ఇంటిలో జరిగే సన్నివేశాలన్నీ, అవి కథలో ఎక్కడెక్కడ ఉన్నా, ఒక్కసారే తీస్తారు. పాత్ర తలుపు తెరచుకొని లోపలికి అడుగుపెట్టే దృశ్యం ఈనాడు పల్లెలో తీస్తే, ఆ తలుపు లోపలి గది మూడు నెలల తరువాత స్టూడియోలో వెలుస్తుంది. నటునికి తన పాత్ర తెలుసు; ఛాయాగ్రాహకునికి ఆనాటి వెలుగు తెలుసు. ఇంకా ఉనికిలోకి రాని చిత్రాన్ని మొదటినుండి చివరిదాకా మనసులో మోసుకొని తిరిగేవాడు దర్శకుడొక్కడే. పక్కనున్న ముక్క ఇంకా తీయకముందే, చేతిలో ఉన్న ముక్క దానికి అతుకుతుందో లేదో అతడు చెప్పగలగాలి.

మన దేశంలో దీనికి 'పథేర్ పాంచాలి'ని మించిన ఉదాహరణ దొరకదు. సాఫీగా సాగిన నిర్మాణంలో దర్శకుని శ్రమ కంటికి కనపడదు. ఆ చిత్రంలోనో, అడుగడుగునా ఆటంకాలే.

విభూతిభూషణ్ బందోపాధ్యాయ వ్రాసిన ఈ నవల 1929లో గ్రంథరూపంలో వచ్చింది. సత్యజిత్ రాయ్ తరువాతి కాలంలో కలకత్తాలోని ఒక ప్రకటనల సంస్థలో చిత్రకారుడు. నవల సంక్షిప్త ప్రతికి బొమ్మలు వేసినది ఆయనే. 1950లో ఉద్యోగరీత్యా లండన్ వెళ్లి, అక్కడ 'బైసికిల్ థీవ్స్' అనే ఇటాలియన్ చిత్రం చూశారు. వృత్తినటులు లేకుండా, వీధుల్లోనే తీసిన ఆ చిత్రం ఆయన సంకల్పానికి బలమిచ్చింది. తిరుగు ప్రయాణంలో ఓడమీదనే చిత్రరచనకు పూనుకొన్నారు. ఆయన సిద్ధం చేసుకొన్నది సంపూర్ణమైన చిత్రానువాదం కాదు. కొన్ని సంభాషణలు, కొన్ని సూచనలు, వాటిని మించి బొమ్మలు. ఏ దృశ్యం ఏ కోణంనుండి ఎట్లా కనిపించాలో పుస్తకం నిండా గీసి ఉంచుకొన్నారు.

తెలుగు పాఠకులకు ఇక్కడ కె.వి. రెడ్డి గుర్తుకు రాక మానరు. ఆయనది దీనికి పూర్తిగా భిన్నమైన పద్ధతి. 'మాయాబజార్' (1957) వంటి చిత్రానికి ప్రతి సన్నివేశం కాగితంమీద స్థిరపడిన తరువాతే ఆయన సెట్టుమీదికి వెళ్లేవారు. రిహార్సల్లో స్టాప్‌వాచ్ చేతపట్టుకొని, ఏ సన్నివేశం ఎంతసేపు నడుస్తుందో, ఏ పాట ఎంత నిడివి పడుతుందో ముందే లెక్క కట్టేవారు. ముప్పైయైదు మిల్లీమీటర్ల ఫిలిం నిమిషానికి 90 అడుగుల చొప్పున కదులుతుంది. మూడు గంటల చిత్రమంటే 16,200 అడుగులు. తీసిన తరువాత కోసి పారవేసే ప్రతి అడుగూ వృథా అయిన డబ్బే. ఆయనకు గడియారం, రాయ్‌కు బొమ్మల పుస్తకం. చేతిలోని సాధనం ఏదైనా, చిత్రాన్ని తీయకముందే చూడగలగడమే ఇద్దరి ప్రయత్నమూ.

తరువాతి పని మనుషులను ఎన్నుకోవడం. రాయ్ ఎంచుకొన్న ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర వయస్సు అప్పటికి 21 సంవత్సరాలు. అంతకుముందు అతడు చలనచిత్ర కెమెరా పట్టినవాడు కాడు. కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త కాశ్మీర్‌లో పెరిగినవాడు. బెంగాల్ పల్లెలోని శిథిలమైన ఇల్లు తెరమీద అంత సహజంగా నిలవడంలో ఆయన పాత్ర పెద్దది. బాలుడైన అపు పాత్రకోసం పత్రికలలో ప్రకటన వేశారు. ఎందరో వచ్చారు, జుట్టు కత్తిరించి ఒక బాలికను సైతం బాలుడని తీసుకువచ్చారట! చివరకు రాయ్ భార్య విజయ పొరుగున ఆడుకొంటున్న పిల్లవానిని చూసి చెప్పగా అపు దొరికాడు. ముసలి ఇందిర్ ఠాకురాణీ పాత్రకు దొరికిన చునీబాలా దేవి ఒకనాటి రంగస్థల నటి, వయస్సు ఎనభై.

1952 అక్టోబరు 27న, అక్కా తమ్ముళ్లు రైలును చూసే సన్నివేశంతో చిత్రీకరణ ఆరంభమైంది. రెల్లుపూల మధ్య అపు అక్కను వెదకుతూ నడవాలి. సుబీర్ బెనర్జీ అనే ఆ బాలునికి నటన తెలియదు. నడవమంటే బొమ్మలా తిన్నగా నడిచాడు. అప్పుడు రాయ్ ఏమి చేశారు? పొదల చాటున అక్కడక్కడ మనుషులను నిలిపి, ఒకరి తరువాత ఒకరు వానిని పేరుపెట్టి పిలిచే ఏర్పాటు చేశారు. త్రోవలో చిన్న పుల్లలు పరచి, దాటుకొంటూ రమ్మన్నారు. బాలుడు పిలుపు వినవచ్చిన వైపు తల త్రిప్పాడు, పుల్ల దగ్గర తడబడ్డాడు. తెరమీద అది అక్కకోసం వెదకులాటగా కనిపించింది. నటింపజేయడమంటే ఎదుట నిలిచి తాను నటించి చూపడమేనని భావించేవారు ఈ ఒక్క ఉదంతం తలచుకొంటే చాలు. పిల్లవానికి దుఃఖమంటే ఏమిటో, ఆతురత అంటే ఏమిటో రాయ్ ఉపన్యసించలేదు. చేయడానికి ఒక పని చెప్పారు, అంతే.

ఉద్యోగం మానుకొనలేదు గనుక షూటింగు సెలవు దినాలలోనే. మరుసటి వారం ఆ పొలానికి వెళ్లేసరికి పశువులు పూలన్నీ మేసివేశాయి. మళ్లీ రెల్లు పూసేవరకు, అంటే మరుసటి సంవత్సరంవరకు, ఆ సన్నివేశం ఆగిపోయింది.

డబ్బు లేక చిత్రమే నెలల తరబడి నిలిచిపోయిన సందర్భాలున్నాయి. భీమా పాలసీ తాకట్టు పడింది, విజయ నగలు కుదువకు వెళ్లాయి. ఆ విరామాలలో రాయ్‌ను బాధించిన భయాలు దర్శకులకే అర్థమవుతాయి. అపు గొంతు మారకూడదు. అక్క దుర్గ పెద్దపిల్ల కాకూడదు. చునీబాల బ్రతికి ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా అంతవరకు తీసిన ఫిలిం పనికిరాకుండా పోయేది. ఆ మూడూ గట్టెక్కాయి గాని, మిఠాయిలమ్మేవాని పాత్రధారి మధ్యలోనే మరణించాడు. అదే శరీరాకృతిగల మరొకరిని వెదకి, వెనుకనుండి చూపి ఆ సన్నివేశం పూర్తిచేశారు. వెదురుపొదలోకి ప్రవేశించినవాడు ఒకడు, ఆవలనుండి వెలుపలికి వచ్చినవాడు వేరొకడు. మిఠాయివాని వెంట పిల్లలు, పిల్లల వెంట కుక్క నడవాలి. కుక్క ఎంతకూ కదలదు. దుర్గ చేతిలో సందేశ్ మిఠాయి పెట్టి, వీపు వెనుక పట్టుకోమన్నారు. కుక్క నడిచింది.

వానకు ఇంకొక కథ. వర్షాకాలంలో చేతిలో పైకం లేదు. పైకం వచ్చేసరికి వానలు వెనుకబట్టాయి. నిర్మలమైన ఆకాశం క్రింద పిల్లలతో, కెమెరాతో రోజుల తరబడి ఆ పల్లెలో కాచుకొని కూర్చున్నారు. ఒకనాడు హఠాత్తుగా కురిసింది. తడిసిన పిల్లల వణుకు నటన కాదు. ఇట్లాంటి వేళ షూటింగు ఆపాలా, సాగించాలా అన్నది కూడా దర్శకుడే క్షణంలో తేల్చవలసిన ప్రశ్న.

చివరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం, ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ చొరవతో, నిధులిచ్చింది. పేరులో 'పథం' ఉన్నందువల్ల ఆ సొమ్ము రోడ్ల పద్దులో పడిందని చెప్పుకొంటారు. కథ ముగింపు మార్చితే బాగుంటుందన్న సూచన వచ్చింది గాని, దర్శకుడు అంగీకరించలేదు. డబ్బిచ్చేవారికి కాదని చెప్పవలసి రావడం కూడా ఈ వృత్తిలో ఒక భాగమే. అందరికీ అది సాధ్యపడదు.

రాయ్ తన మాతృభాషలో తీశారు. తెలియని భాషలో తీసేవారి సంగతి? మృణాల్ సేన్ 1977లో ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను 'ఒక ఊరి కథ'గా తెలుగులో తీశారు. దర్శకుడు బెంగాలీ, కథ ఉత్తరాదిది, తండ్రి పాత్రధారి వాసుదేవరావు కన్నడ చిత్రం 'చోమన దుడి'లో చోముడుగా పేరు పొందినవాడు, కోడలిగా నటించినది బెంగాల్‌కు చెందిన మమతా శంకర్. కొద్ది కాలానికే మరొక బెంగాలీ, గౌతమ్ ఘోష్, కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా తెలంగాణ రైతాంగ పోరాటంపై 'మా భూమి' తీశారు. అది 1980లో విడుదలయింది. మాటల యాస సరిచూడడానికి ఇట్టి దర్శకుడు స్థానికులను ఆశ్రయించక తప్పదు. అయితే ఆకలిగొన్నవాడు కూడు ముందు ఎట్లా కూర్చుంటాడో, దొర ఎదుట పాలేరు చేతులు ఎక్కడ ఉంచుకొంటాడో చూడడానికి కళ్లు చాలు. భాష తెలిసిన దర్శకులు కొందరు మాటలమీదనే భారం వేసి, ఈ చూపును కోల్పోవడం కూడా ఉంది.

ఇక షూటింగు ముగిసిన తరువాత. తీసిన ముక్కలన్నీ ఎడిటర్ బల్లమీదికి చేరుతాయి. ఏ ముక్క ఎంతసేపు నిలవాలి, ఎక్కడ త్రుంచాలి అన్నది ఎడిటరూ దర్శకుడూ కలిసి నిర్ణయిస్తారు. నేడు ఫిలిం స్థానంలో సంఖ్యాత్మక యంత్రాలు వచ్చి కత్తెర మూలబడినా, ఈ నిర్ణయాల భారం తగ్గలేదు. శబ్దం కూడా ఈ దశలోనే స్థిరపడుతుంది. 'పథేర్ పాంచాలి'లో ఊరినుండి తిరిగివచ్చిన తండ్రి హరిహర్, కూతురు దుర్గకోసం తెచ్చిన చీరను భార్య చేతికిస్తాడు. దుర్గ మరణించిందని అతనికి ఇంకా తెలియదు. తల్లి చీరను పట్టుకొని భోరున ఏడుస్తుంది. ఆ ఏడుపు మనకు వినిపించదు. దాని స్థానంలో తార్ షెహనాయి హెచ్చు స్థాయిలో మ్రోగుతుంది. వాస్తవమైన ఏడుపుకంటె ఆ స్వరం ఎక్కువగా కలచివేస్తుందని నిర్ణయించినది దర్శకుడే. సంగీతం సమకూర్చిన రవిశంకర్‌కు వ్యవధి లేదు. చిత్రంలో సుమారు సగం మాత్రమే చూసి, ఇంచుమించు పదకొండు గంటలపాటు ఏకబిగిన సాగిన ఒకే కూర్పులో, తెల్లవారుజామువరకు శ్రమించి పూర్తిచేశారు.

ఎడిటర్ దులాల్ దత్తాతో కలిసి నిద్రాహారాలు మాని చివరి అతుకులు వేసిన ప్రతి, ఆంగ్ల ఉపశీర్షికలు కూడా లేకుండానే న్యూయార్కు చేరింది. 1955 మే 3న అక్కడి ఆధునిక కళా సంగ్రహాలయంలో మొదటిసారి ప్రదర్శితమైంది. ఆగస్టు 26న కలకత్తాలో విడుదలయింది. ఆనాటికి చునీబాలా దేవి జీవించి లేదు.