లైట్ పడని కళ్లకు ఏ మానిటర్ కొనాలి?

స్క్రీన్ ముందు గంట కూర్చుంటే చాలు, కళ్లు లాగేసి తలనొప్పి వస్తోందా? వెంటనే బ్రైట్‌నెస్ తగ్గిస్తాం కదా. కొన్ని మానిటర్లతో అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఎలాగంటే, అవి వెనకున్న ఎల్‌ఈడీలను సెకనుకు వందల సార్లు ఆర్పి వెలిగిస్తాయి. దీన్నే పీడబ్ల్యూఎం అంటారు. బ్రైట్‌నెస్ ఎంత తగ్గిస్తే లైట్ అంత ఎక్కువసేపు ఆరి ఉంటుంది. మనకు నేరుగా కనిపించదు, కానీ కొందరి కళ్లు తట్టుకోలేవు. డీసీ డిమ్మింగ్ ఉన్న మానిటర్ అయితే ఎల్‌ఈడీకి వెళ్లే కరెంటునే తగ్గిస్తుంది, కాబట్టి ఈ మిణుకు ఉండదు.

షాపులోనే చెక్ చేసుకోవచ్చు. తెల్ల పేజీ ఓపెన్ చేయించి, బ్రైట్‌నెస్ 20 శాతానికి దించమనండి. ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షటర్ స్పీడ్ 1/1000 పెట్టి చూడండి. స్క్రీన్ మీద నల్ల చారలు కనిపిస్తే ఆ మానిటర్ వద్దు. ప్రో మోడ్ లేదా? స్క్రీన్ ముందు పెన్ను గబగబా ఊపండి. ఒక్కటే మసకగా కాకుండా నాలుగైదు పెన్నులు విడివిడిగా కనిపిస్తే మిణుకు ఉన్నట్టే.

బ్లూ లైట్ మోడ్ రంగు మారుస్తుంది అంతే, మిణుకు ఆపదు. మెరిసే గ్లాసీ స్క్రీన్ కన్నా మ్యాట్ తీసుకోండి, ట్యూబ్‌లైట్ ప్రతిబింబం కళ్లలో గుచ్చదు.

వెలుగు చూస్తే నొప్పి కొత్తగా మొదలైందా? అప్పుడు మానిటర్ షాపుకి కాదు, ముందు కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.