పన్నెండు పదాల తాళం తెరుచుకోకపోతే...

బ్యాంకు పాసుపుస్తకం పోతే దరఖాస్తు పెట్టుకున్నవారికి నకలు లభిస్తుంది. పదేళ్లపాటు ఎవరూ కదిలించని డిపాజిట్లు సైతం రిజర్వు బ్యాంకు నిర్వహణలోని ప్రత్యేక నిధికి చేరి, హక్కుదారు వచ్చి అడిగేదాకా వేచి ఉంటాయి. 2024 మార్చి చివరికి ఈ విధంగా నిలిచిపోయిన సొమ్ము 78,213 కోట్ల రూపాయలు. తమవారి డిపాజిట్లను వెతుక్కునేందుకు 2023లో 'ఉద్గమ్' అనే పోర్టల్ కూడా ఏర్పాటయింది. సొంత వ్యాలెట్‌లో దాచుకున్న క్రిప్టోకరెన్సీకి మాత్రం ఇటువంటి ఊరట ఏదీ లేదు. కాగితంపై రాసుకున్న పన్నెండు లేదా ఇరవైనాలుగు ఇంగ్లీషు మాటలే అక్కడ పాసుపుస్తకం, తాళంచెవి కూడా.

అవసరం పడిన రోజున ఆ మాటలు పనిచేయకపోతే? 'చెల్లదు' అన్న సమాధానం తెరపై కనిపించగానే సర్వం పోయిందని ఆశ వదులుకునేవారు కొందరు. 'మేం తెరిపిస్తాం' అంటూ వచ్చే అపరిచితుల చేతిలో కాగితం పెట్టేవారు మరికొందరు. రెండూ తొందరపాట్లే. తాళం ఎందుకు తెరుచుకోవడం లేదో ముందు తెలుసుకుంటే, చాలా సందర్భాల్లో దారి ఇంకా మిగిలే ఉంటుంది.

సొమ్ము ఎక్కడుంటుంది?

నిజానికి వ్యాలెట్‌లో నాణేలేవీ ఉండవు. ఏ చిరునామా కింద ఎంత నిల్వ ఉన్నదో తెలిపే పద్దు ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో నమోదై ఉంటుంది. ఆ నిల్వను కదిలించే అధికారం ఒక రహస్య సంఖ్యది. వ్యాలెట్ భద్రపరిచేది ఆ సంఖ్యనే. అంత పొడవైన సంఖ్యను తప్పులేకుండా రాసుకోవడం మనిషికి కష్టం గనుక దానికి మాటల రూపం కల్పించారు. దీనినే సీడ్ ఫ్రేజ్ అంటారు. ఫోను పోయినా, పరికరం చెడిపోయినా ఈ మాటలను మరో వ్యాలెట్‌లో నమోదు చేస్తే నిల్వలు తిరిగి చేతికి రావాలి.

ఎక్స్ఛేంజీలోనే నిల్వలు ఉంచుకునేవారికి ఈ చింత లేదు. తాళంచెవి ఎక్స్ఛేంజీ వద్దే ఉంటుంది. అయితే 2024 జూలైలో వజీర్‌ఎక్స్ వ్యాలెట్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన ఆస్తులను సైబర్ దొంగలు తరలించుకుపోవడంతో, సొంత వ్యాలెట్టే మేలన్న వాదనకు బలం చేకూరింది. కానీ ఎక్స్ఛేంజీ భయం తప్పించుకున్నవారి నెత్తిన తాళంచెవిని కాపాడుకునే బరువు పడింది.

తప్పును పట్టిచ్చే లెక్క

నేడు అత్యధిక వ్యాలెట్లు అనుసరిస్తున్న బీఐపీ-39 అనే ప్రమాణం 2013లో రూపుదిద్దుకుంది. అందులోని ఇంగ్లీషు జాబితాలో 2,048 పదాలు ఉన్నాయి. పదాలు ఇష్టం వచ్చినట్లు పేర్చినవి కావు. మొత్తం వరుసను సరిచూసే ఒక చిన్న లెక్క వాటిలోనే ఇమిడి ఉంటుంది. ఒక్క మాట మారినా, వరుస తప్పినా ఆ లెక్క సాధారణంగా కుదరదు. కాబట్టి 'చెల్లదు' అన్న సమాధానానికి సొమ్ము పోయిందని కాదు, రాతలో ఎక్కడో తప్పు దొర్లి ఉండవచ్చునని అర్థం.

మన దేశంలో ఈ తప్పుకు మరో కారణం కూడా తోడవుతుంది. బడిలో నేర్పేది బ్రిటిష్ వర్ణక్రమం. జాబితాలోనిది అమెరికన్ వర్ణక్రమం. కలర్, ఫ్లేవర్, హ్యూమర్, హార్బర్ వంటి పదాలను అలవాటుకొద్దీ 'యు' అక్షరం చేర్చి రాసుకుంటే వ్యాలెట్ వాటిని గుర్తించదు. పదాలను తెలుగు లిపిలో రాసుకుంటే చిక్కు మరింత ముదురుతుంది. 'కుడి' అనే అర్థంలోని రైట్, 'రాయు' అనే అర్థంలోని రైట్ రెండూ జాబితాలో ఉన్నాయి. చేతిరాతలో వుడ్, వూల్ వంటి పదాలు ఒకదానికొకటిగా పొరపాటు పడటం కూడా సహజమే. జాబితాలో మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండే పదాలు రెండు లేకపోవడం ఇక్కడ అక్కరకు వస్తుంది. మిగిలిన అక్షరాలు చెరిగిపోయినా ఆ నాలుగింటితో పదాన్ని నిర్ధారించవచ్చు.

ఒక పదం పూర్తిగా కనిపించకుండా పోయినా నిరాశ చెందనక్కరలేదు. పన్నెండు పదాల వరుసలో ఒకటి తెలియకపోతే పరీక్షించవలసినవి 2,048 అవకాశాలు. సరిచూసే లెక్క వాటిని సుమారు 128కి కుదిస్తుంది. రెండు పదాలు తెలియకపోతే అవకాశాలు 41,94,304. ఇదీ సాధారణ కంప్యూటరుకు సాధ్యమైన పనే. పన్నెండు పదాలూ ఉండి వరుస మాత్రం తెలియకపోతే 47.9 కోట్ల అమరికలు ఏర్పడతాయి. శ్రమ ఎక్కువే గాని అసాధ్యం కాదు. నాలుగు పదాలు పోతే మాత్రం అవకాశాల సంఖ్య 17 లక్షల కోట్లు దాటుతుంది. ఇరవైనాలుగు పదాల వరుస మొత్తంగా చెదిరిపోతే ఏ యంత్రమూ తిరిగి పేర్చలేదు.

ఇందుకోసం బీటీసీ రికవర్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. వీటిని ఇంటర్నెట్ సంబంధం తెంచిన కంప్యూటరులోనే నడపాలి. సరైన వరుస దొరికిందని గుర్తించాలంటే ఆ వ్యాలెట్‌కు చెందిన ఒక చిరునామా తెలిసి ఉండటం అవసరం. ఎక్స్ఛేంజీ నుంచి వ్యాలెట్‌కు నిల్వలు పంపిన నాటి లావాదేవీ వివరాల్లో అది లభిస్తుంది.

తలుపు తెరుచుకుంటుంది, గది ఖాళీ

ఇంతకంటే కలవరపరిచేది మరో పరిస్థితి. పదాలను వ్యాలెట్ అంగీకరిస్తుంది. లోపల మాత్రం దమ్మిడీ కనిపించదు. దొంగతనం జరిగిందని భావించే ముందు మూడు విషయాలు పరిశీలించాలి.

మొదటిది, పదాలకు తోడుగా యజమాని పెట్టుకున్న అదనపు రహస్య పదం. దీనిలో ఒక్క అక్షరం మారినా వ్యాలెట్ తప్పని చెప్పదు. మరో కొత్త వ్యాలెట్‌ను, సహజంగానే ఖాళీ వ్యాలెట్‌ను తెరిచి చూపుతుంది. రెండోది, ఒకే సీడ్ ఫ్రేజ్ నుంచి చిరునామాలు పుట్టే మార్గాలు అనేకం. బిట్‌కాయిన్‌లో 1తో, 3తో, బీసీ1తో మొదలయ్యే చిరునామాలకు వేర్వేరు మార్గాలు వాడతారు. పాత వ్యాలెట్ ఒక మార్గంలో దాచినదానిని కొత్త వ్యాలెట్ మరో మార్గంలో వెతికితే ఏమీ కనిపించదు. మూడోది, అన్ని వ్యాలెట్లదీ ఒకే ప్రమాణం కాదు. ఎలక్ట్రమ్ వ్యాలెట్‌కు సొంత పద్ధతి ఉంది. మొనేరో 25 పదాలు వాడుతుంది. 20 లేదా 33 పదాలు ఉంటే అవి విడివిడి భాగాలుగా పంచిన మరో పద్ధతికి చెందినవి కావచ్చు. కాబట్టి మాటలు ఏ వ్యాలెట్‌లో పుట్టాయో తెలుసుకుని, అందులోనే ముందుగా ప్రయత్నించాలి.

పాత ఫోను గాని, హార్డ్‌వేర్ పరికరం గాని ఇంకా పిన్ నంబరుతో తెరుచుకుంటూ ఉంటే దానిని ఎట్టి పరిస్థితుల్లోనూ చెరిపివేయరాదు. కొత్త వ్యాలెట్ సృష్టించి, దాని పదాలు పనిచేస్తున్నాయని పరీక్షించి, నిల్వలను అందులోకి తరలించుకోవడమే క్షేమం. కాగితంపై పదాలు ఉన్నాయన్న ధీమాతో పరికరాన్ని చెరిపివేశాక రాతలో తప్పు బయటపడితే, మిగిలిన ఒక్క దారీ మూసుకుపోతుంది.

హక్కు ఉన్నా తాళం లేదు

క్రిప్టోకరెన్సీ కూడా ఆస్తేనని మద్రాసు హైకోర్టు 2025 అక్టోబరులో స్పష్టం చేసింది. ప్రభుత్వం 2022 ఏప్రిల్ నుంచే దానిపై లాభాలకు 30 శాతం పన్ను విధిస్తున్నది. అంటే చట్టం దృష్టిలో హక్కు ఉంది, పన్ను బాధ్యతా ఉంది. కానీ వారసుడెవరో న్యాయస్థానం తేల్చగలదే గాని రహస్య సంఖ్యను చెప్పలేదు. వ్యాలెట్ తయారు చేసిన కంపెనీకీ అది తెలియదు.

ఈ నిస్సహాయతే మోసగాళ్లకు పెట్టుబడి. సహాయకులమంటూ వచ్చి మొత్తం పదాలు అడిగేవారికి అవి చెప్పడమంటే ఆస్తిని అప్పగించడమే. ముందస్తు రుసుము కోరి మాయమయ్యేవారూ ఉన్నారు. మోసపోయినవారు వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేయాలి.

చిక్కు ఎక్కువగా బయటపడేది యజమాని లేనప్పుడే. భర్త బీరువాలో పన్నెండు మాటల కాగితం దొరికిన ఇల్లాలికి, అది ఏ వ్యాలెట్‌దో, అదనపు పదం ఉన్నదో లేదో ఎవరు చెప్పాలి? మాటలతోపాటు వ్యాలెట్ పేరు, సృష్టించిన సంవత్సరం, ఒక చిరునామా రాసి ఉంచడానికి అయిదు నిమిషాలు చాలు. అదనపు పదం ఉంటే ఆ సంగతిని కాగితంపై సూచించి, పదాన్ని వేరొక చోట భద్రపరచాలి. పెద్ద మొత్తం జమ చేయడానికి ముందే, కొద్దిపాటి నిల్వతో ఆ పదాలను మరో పరికరంలో ఒకసారి తెరిచి చూసుకోవాలి. తాళంచెవి సరిపోతుందో లేదో చూసుకోవలసింది ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే.