దుర్భిణి కొనక ముందు

అట్టపెట్టె మీద 525 రెట్లు అని పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉంది. మా పెద్దవాడు తొమ్మిదో తరగతిలో ఉండగా, సంక్రాంతి సెలవుల్లో మిరపకాయల కోతకు వెళ్లి దాచుకున్న కూలి డబ్బుకు నేను కొంత కలిపితే, పట్నం వెళ్లి ఆ దుర్భిణి కొన్నాడు. ఆ రాత్రి డాబా మీద నిలబెట్టి చూస్తే మసక తప్ప ఏమీ లేదు. నక్షత్రం కనబడినట్టే కనబడి జారిపోయేది. మూడో రోజుకు దాన్ని మంచం కిందికి తోసేశాడు. "డబ్బులు పోయాయి నాన్నా" అన్న మాట నన్ను చాలా బాధపెట్టింది.

తప్పు వాడిది కాదు, ఆ అంకెది. లెక్క తేలికే. ముందు కటకం నాభ్యంతరాన్ని కంటి దగ్గర పెట్టే కటకం నాభ్యంతరంతో భాగించాలి. మా దుర్భిణిది 700 మిల్లీమీటర్లు. 20 మిల్లీమీటర్ల కంటి కటకం పెడితే 35 రెట్లు. 4 మిల్లీమీటర్లది పెట్టి, మధ్యలో మూడింతలు చేసే గొట్టం తగిలిస్తే 525. కానీ ముందు కటకం వెడల్పు 60 మిల్లీమీటర్లే! వెడల్పుకు రెట్టింపు, అంటే 120 రెట్లు దాటితే బొమ్మ పెరుగుతుంది గాని కొత్త వివరం రాదు. 1610 జనవరిలో గెలీలియో గురుగ్రహపు నాలుగు చంద్రులను కనుగొన్నది సుమారు 20 రెట్ల దుర్భిణితోనే. కాబట్టి కొనేవారు కటకం ఎంత వెడల్పో, స్టాండు ఎంత గట్టిదో అడగండి. కాళ్లు వణికితే ఎంత మంచి కటకమైనా దండగే.

బడిలో సైన్సు మాస్టారు చెప్పాక మళ్లీ బయటికి తీశాం. స్టాండు మధ్యలో ఇసుక సంచి వేలాడదీశాం. పగలే దూరపు తాటిచెట్టు మొవ్వు చూసి, పైనున్న చిన్న గొట్టాన్ని పెద్దదానితో సరిచేశాం. 20 మిల్లీమీటర్ల కటకమే పెట్టాం. మొదట చంద్రుడు. పున్నమినాడు కాదు, వెలుగు ఎదురుగా పడి అంతా చదునుగా ఉంటుంది. శుద్ధ సప్తమి, అష్టమి నాడు వెలుగూ చీకటీ కలిసే అంచున చూస్తే గుంటల్లో నీడలు తెలుస్తాయి. తరువాత గురుగ్రహం. దాని చంద్రుల చోటు రోజూ నోటుపుస్తకంలో గీసుకుంటే అవి తిరగడం మీకే తెలుస్తుంది.

యోబు గ్రంథంలో పేరున్న కృత్తికలకు దుర్భిణి కన్నా బైనాక్యులరే మేలు. డబ్బు తక్కువైతే 7x50 రకంది ఒకటి చాలు. పట్నంవారికి లేని చీకటి మన ఊళ్లలో ఉంది గదా.

ఒక్క సంగతి తల్లిదండ్రులు మరువకూడదు. మా పెట్టెలో సూర్యుణ్ణి చూసేందుకని కంటి కటకానికి బిగించే నల్లని అద్దం ఒకటి ఉంది. పోగైన ఎండ వేడికి అది చూస్తుండగానే పగిలిపోగలదు. క్షణంలో కన్ను పోతుంది. ఆ సంగతి తెలియక వాణ్ణి చూడమని నేనే చెప్పబోయాను. తెలిసిన రోజునే రాతితో నలగగొట్టి పాతిపెట్టాను.

శనిగ్రహం మాత్రం తప్పక చూడండి. 2025లో వలయాల అంచు మనవైపు తిరిగి సన్నని గీతలా కనిపించింది, ఇకమీదట ఏటా విచ్చుకుంటాయి. వలయాలు బాగా విచ్చుకుని ఉన్న ఒక రాత్రి మా సంఘంలోని ఒక పెద్దావిడ చాలాసేపు చూసి, గొట్టం ముందువైపు చేత్తో తడిమి, "లోపల బొమ్మేమన్నా అతికించారా అయ్యగారూ?" అని అడిగింది.