గర్భస్రావం.. గోప్యత కోసం జాప్యం చేస్తే గండమే

* తొలి తొమ్మిది వారాలు కీలకం
* భర్త సంతకం తప్పనిసరి కాదు
* ముందస్తు ఏర్పాట్లతోనే ప్రాణ రక్షణ

మార్కాపురం: నెల తప్పిన సంగతి ఇంట్లో చెప్పుకోలేని వారు కొందరు. చెప్పినా ఎక్కడికి వెళ్లాలో తెలియని వారు మరికొందరు. ఈలోగా ఊళ్లోని ఆర్‌ఎంపీని రహస్యంగా అడగడం, మెడికల్ షాపులో మాత్రలు తెప్పించుకుని మింగడం, అదీ కాకుంటే నాటుమందులను ఆశ్రయించడం పడమటి ప్రకాశం పల్లెలకు కొత్త కాదు. రక్తస్రావం ఆగక అర్ధరాత్రి 108కు ఫోన్ చేసే వరకు విషయం గడప దాటదు. సురక్షిత గర్భస్రావానికి దేశంలో 1972 ఏప్రిల్ 1 నుంచే చట్టం అమల్లో ఉన్నా, దాని గురించి తెలిసిన వారు తక్కువ. గర్భం కొనసాగించాలా వద్దా అన్నది ఆ స్త్రీ తేల్చుకోవలసిన విషయం. వద్దనుకున్న పక్షంలో ఏ క్రమంలో సిద్ధం కావాలి, ఎవరి సాయం పొందాలి అన్న అంశాలపై ప్రత్యేక కథనం.

లెక్క ఎక్కడి నుంచి?

అన్నింటికంటే ముందు తేలవలసింది వారాల లెక్క. చాలామంది నెల తప్పిన రోజు నుంచి లెక్కిస్తారు. ఇది పొరపాటు. వైద్యులు చివరి నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కిస్తారు. అంటే నెల తప్పినట్లు గుర్తించే నాటికే నాలుగు వారాలు గడిచిపోతాయి.

ఉదాహరణకు ఒక మహిళకు చివరి నెలసరి జూన్ 1న వచ్చిందనుకుందాం. ఆమెకు ఆగస్టు 3తో తొమ్మిది వారాలు, ఆగస్టు 24తో 12 వారాలు, అక్టోబరు 19తో 20 వారాలు, నవంబరు 16తో 24 వారాలు పూర్తవుతాయి. తొమ్మిది వారాల్లోపు మాత్రలతో గర్భస్రావం చేయవచ్చు. 12 వారాల వరకు గర్భసంచిలోని పిండాన్ని గొట్టంతో పీల్చి తొలగించే సులువైన పద్ధతి ఉంది. ఆ గడువు దాటితే ఎక్కువ వసతులున్న ఆసుపత్రి అవసరమవుతుంది. ఖర్చు, ప్రమాదం రెండూ పెరుగుతాయి. వచ్చే నెల చూద్దామనే వాయిదా సులువైన మార్గాన్ని ఒక్కోటిగా మూసివేస్తుంది.

చట్టం ఏమంటోంది?

గర్భం వల్ల స్త్రీ ప్రాణానికి ముప్పు ఉన్నా, ఆమె శారీరక, మానసిక ఆరోగ్యానికి తీవ్ర హాని కలిగేలా ఉన్నా, శిశువుకు తీవ్ర లోపాలు ఉండే అవకాశమున్నా వైద్యులు గర్భస్రావం చేయవచ్చు. అత్యాచారం వల్ల వచ్చిన గర్భాన్ని, 20 వారాల్లోపు కుటుంబ నియంత్రణ పద్ధతి విఫలమై వచ్చిన గర్భాన్ని మానసిక హానిగానే చట్టం పరిగణిస్తుంది. 2021 సెప్టెంబరు 24 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు వైద్యుల అభిప్రాయం కావాలి. ఈ అవకాశం అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భిణిగా ఉండగా వితంతువులైన లేదా విడాకులు పొందిన వారు, దివ్యాంగులు తదితర వర్గాలకు వర్తిస్తుంది. 24 వారాలు దాటాక శిశువుకు తీవ్ర లోపాలున్నట్లు వైద్య మండలి తేలిస్తేనే అనుమతి. ఇతర సందర్భాల్లో సాధారణంగా కోర్టు తలుపు తట్టవలసి వస్తుంది. 2021 అక్టోబరులో 16 ఏళ్ల అత్యాచార బాధితురాలికి 26 వారాల గర్భాన్ని తొలగించేందుకు తెలంగాణ హైకోర్టు అనుమతించింది.

సవరణలో 'భర్త' అన్న మాటకు బదులు 'భాగస్వామి' అన్న మాట చేరడంతో అవివాహితలకూ మార్గం సుగమమైంది. 20 నుంచి 24 వారాల అవకాశం వారికీ వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న జస్టిస్ డి.వై.చంద్రచూడ్ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చిచెప్పింది.

సంతకం ఎవరిది?

18 ఏళ్లు నిండిన మహిళ విషయంలో ఆమె సమ్మతి ఒక్కటే చాలు. భర్త, అత్తమామలు, తల్లిదండ్రులు ఎవరి సంతకమూ చట్టప్రకారం అవసరం లేదు. 18 ఏళ్లలోపు వారికి, మానసిక వ్యాధి ఉన్నవారికి సంరక్షకుల సమ్మతి కావాలి. మైనర్ల విషయంలో పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు సమాచారం ఇవ్వాలన్న నిబంధన ఉంది. ఆ భయంతోనే ఎందరో ఆసుపత్రికి దూరంగా ఉండిపోతున్నారు. బాలిక, సంరక్షకులు కోరితే ఆ సమాచారంలో ఆమె పేరు, వివరాలు వైద్యులు వెల్లడించనక్కర లేదని 2022 తీర్పు వెసులుబాటు కల్పించింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకుండానే పెళ్లయింది. బాల్య వివాహాల బెడద ఉన్న ప్రాంతంలో ఈ వెసులుబాటు తెలిసి ఉండటం ఎంతో అవసరం.

గర్భస్రావం చేయించుకున్న వారి వివరాలు బయటపెడితే ఏడాది వరకు జైలుశిక్ష పడుతుంది. స్త్రీకి ఇష్టం లేకుండా బలవంతంగా గర్భస్రావం చేయించడం ఇంకా పెద్ద నేరం. భారతీయ న్యాయ సంహిత 89వ సెక్షన్ కింద పదేళ్ల వరకు జైలు లేదా యావజ్జీవ శిక్ష పడవచ్చు. ఆడపిల్ల అని తెలుసుకుని తొలగించాలనుకోవడం వేరే విషయం. 1994 నాటి చట్టం ప్రకారం లింగ నిర్ధారణ నేరం.

ఆ ఆర్‌ఎంపీ వేరు

చట్టంలో 'రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్' గర్భస్రావం చేయవచ్చని ఉంది. పల్లెల్లో మనం ఆర్‌ఎంపీ అని పిలిచే వ్యక్తి ఆయన కాదు. అల్లోపతి వైద్యంలో పట్టా పొంది, వైద్య మండలిలో నమోదై, ప్రసూతి వైద్యంలో అనుభవం లేదా శిక్షణ ఉన్న వైద్యునికే ఆ అర్హత ఉంటుంది. అర్హత లేనివారు చేస్తే రెండేళ్ల నుంచి ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష ఉంటుంది.

ప్రభుత్వ ఆసుపత్రులకు వేరుగా అనుమతి అక్కర లేదు. ప్రైవేటు ఆసుపత్రికి జిల్లా కమిటీ ఆమోదం ఉండాలి. ఆ ధ్రువపత్రాన్ని అందరికీ కనిపించేలా గోడకు తగిలించాలి. అది కనిపించకపోతే అడగడంలో తప్పు లేదు.

మాత్రలతో జాగ్రత్త

2015లో దేశంలో 1.56 కోట్ల గర్భస్రావాలు జరిగినట్లు లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. వాటిలో 73 శాతం ఆసుపత్రుల వెలుపల మాత్రలతో జరిగినవే. మాత్రలు చెడ్డవి కావు. సరైన వారాల్లో, సరైన మోతాదులో వైద్యుని సలహాపై వాడితే సురక్షితమే. పరీక్ష లేకుండా మింగడంలోనే ముప్పు ఉంది. గర్భం గర్భసంచిలో కాక పక్క నాళంలో ఉంటే మాత్రలు పనిచేయవు. నాళం పగిలితే ప్రాణాపాయం. రాష్ట్రంలో సగం మందికి పైగా మహిళలు రక్తహీనతతో బాధపడుతున్నారు. వారికి కొద్దిపాటి అధిక రక్తస్రావమూ భారమే. అందుకే ముందుగా రక్త పరీక్ష అవసరం.

సాధారణంగా మొదటి రోజు ఒక మందు, మూడో రోజు రెండో మందు ఇస్తారు. 15వ రోజున మళ్లీ పరీక్షకు వెళ్లాలి. నెలసరి కంటే ఎక్కువ రక్తస్రావం, కడుపునొప్పి సహజం. ఆ మూడో రోజు ఒంటరిగా, పొలం పనిలోనో పలకల పనిలోనో ఉండకుండా చూసుకోవాలి.

దూరమే అసలు చిక్కు

మార్కాపురం నుంచి ఒంగోలు సుమారు వంద కిలోమీటర్లు. గిద్దలూరు వాసులకు ఇంకా దూరం. గిద్దలూరు, కొమరోలు మండలాల వారికి ఒంగోలు కంటే నంద్యాల దగ్గర. దోర్నాల, యర్రగొండపాలెం పరిధిలోని చెంచు గూడేల నుంచి మార్కాపురం చేరడమే ఒక ప్రయాణం. ఒక్కసారి ఆసుపత్రికి వెళ్లి రావడమంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు, పిల్లలను చూసుకునే మనిషి.. ఇన్ని కావాలి. కాబట్టి బయలుదేరే ముందే ప్రసూతి వైద్యులు ఏ రోజుల్లో ఉంటారో ఏఎన్‌ఎం లేదా ఆశా కార్యకర్త ద్వారా తెలుసుకోవడం మంచిది. 12 వారాలు దాటితే ఊరూరా తిరగకుండా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

తోడు ఎవరు?

అందరికీ చెప్పనక్కర లేదు. నమ్మకమైన ఒక్కరు చాలు. భర్త, అక్క, స్నేహితురాలు, ఆశా కార్యకర్త ఎవరైనా కావచ్చు. ఆసుపత్రికి వెంట రావడం, రాత్రివేళ అవసరమైతే వాహనం చూడటం వారి బాధ్యత. ఇంట్లో హింస ఉంటే 181 మహిళా హెల్ప్‌లైన్‌ను, బాలికలైతే 1098ను సంప్రదించవచ్చు. ఉచిత న్యాయ సలహాకు 15100 ఉంది. మార్కాపురం, గిద్దలూరు కోర్టుల్లోని మండల న్యాయసేవాధికార కమిటీలనూ ఆశ్రయించవచ్చు. మనసు కుదుటపడక బాధపడే వారికి టెలీమానస్ 14416 అందుబాటులో ఉంది.

గర్భస్రావం తర్వాత పది రోజుల్లోనే మళ్లీ గర్భం వచ్చే అవకాశముందని చాలామందికి తెలియదు. అంతర ఇంజక్షన్, ఛాయ మాత్రలు, కాపర్-టీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. అదే రోజు వైద్యులను అడిగి తెలుసుకుంటే మరోసారి ఈ పరిస్థితి రాదు.

బయలుదేరే ముందు..

* చివరి నెలసరి తేదీ కాగితంపై రాసుకోవాలి.
* పాత స్కానింగ్ రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ, వయసు తెలిపే పత్రం వెంట ఉంచుకోవాలి.
* రక్తహీనత, బీపీ, మూర్ఛ, ఆస్తమా, గత సిజేరియన్ వివరాలు దాచకుండా వైద్యులకు చెప్పాలి.
* శుభ్రమైన ప్యాడ్లు, ఛార్జీ ఉన్న ఫోన్, తిరుగు ప్రయాణానికి డబ్బు సిద్ధం చేసుకోవాలి.

వెంటనే 108కు ఫోన్ చేయాల్సిన సందర్భాలు..

* వరుసగా రెండు గంటల పాటు గంటకు రెండు ప్యాడ్ల చొప్పున తడిసిపోతే
* కళ్లు తిరిగి పడిపోయినా, భుజం లేదా పొత్తికడుపు ఒక పక్కన భరించలేని నొప్పి వచ్చినా
* చలితో జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం ఉన్నా

రెండో మందు వేసుకున్న 24 గంటలకూ రక్తస్రావం మొదలుకాకపోతే వైద్యులను మళ్లీ కలవాలి. మాత్రలు ఎక్కడ కొన్నా, ఎవరు ఇచ్చినా ఆసుపత్రిలో నిజం చెప్పాలి. వైద్యులు ఆ విషయాన్ని గోప్యంగా ఉంచాలని చట్టమే చెబుతోంది. దాచిపెడితే సరైన చికిత్స ఆలస్యమై ప్రాణం మీదకు వస్తుంది.